పన్నులు పెంచితే అసమానత తగ్గుతుందా?

"పెద్ద కంపెనీల మీద, శ్రీమంతుల మీద పన్నులు పెంచితే చాలదా, మార్కెట్ పద్ధతినే మార్చాలా?" అని అడిగారు. పన్నులు కావాల్సిందే, కాదనను. కానీ డబ్బంతా ఒకచోట కుప్పపడ్డాక అందులోంచి కొంత వెనక్కి తీసుకోవడమే పన్ను చేసే పని. ఆ కుప్ప ఎలా పడుతుందో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఒక పెద్ద తయారీ కంపెనీలో ఏడేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. చివరి ఏడాది, ఒకే వారంలో నా టేబుల్ మీదకు రెండు ఫైళ్లు వచ్చాయి. మొదటిది షేర్ల బైబ్యాక్. ఆ ఏడు లాభం బాగా వచ్చింది, ఆ డబ్బుతో కంపెనీ తన షేర్లను తానే కొనుక్కుంటుంది, అంటే లాభం షేర్లున్నవాళ్ల చేతికే వెళ్తుంది. రెండోది ఒక యూనిట్‌లో తీసేయబోయేవాళ్ల జాబితా. ఒక్కొక్కరికీ ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క కట్టాలి. దానికి పెట్టిన పేరు 'రైట్ సైజింగ్'. మనిషి ఉద్యోగం తీసేసి, దానికి ఇంత నున్నటి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జాబితాలో పదకొండో పేరు నాకు తెలిసిన ఆయనది. మెషిన్ శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్పగలడు. నేను చేరిన కొత్తలో స్టాక్ లెక్క సరిపోక తల పట్టుకుని కూర్చుంటే, షాప్ ఫ్లోర్ అంతా తిప్పి, ఏ సరుకు ఎక్కడ ఆగిపోతుందో చూపించింది ఆయనే. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు నెమ్మదిగా అడిగాడు: "తమ్ముడూ, లెక్కలు చూసేవాడివి నువ్వే కదా. కంపెనీ నష్టాల్లో ఉందా?"

లేదని నాకు తెలుసు. బైబ్యాక్ ఫైలు నా సొరుగులోనే ఉంది. "సంతకం ఇక్కడ పెట్టండన్నా" అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా రాలేదు.

ఇలాంటివి చెబితే చాలామంది "మార్కెట్ అంతే, ఎవరి చేతిలోనూ ఉండదు" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జాబితాను ఒక గదిలో కొద్దిమంది కూర్చుని ఒప్పుకున్నారు. బైబ్యాక్ కూడా గాలివానలా దానంతటదే వచ్చింది కాదు. అమెరికాలో 1982లో రూల్ మార్చాకే అది ఇంతగా పెరిగింది. అంతకు ముందు షేరు ధరను ఆడిస్తున్నారన్న కేసు పడుతుందేమోనని కంపెనీలు జంకేవి. మనుషులు రాసిన రూల్‌ను మనుషులు మార్చలేరా?

కంపెనీలను ముక్కలు చేస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. గుత్తాధిపత్యం పోవాల్సిందే. కానీ 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్ అనే పెద్ద చమురు కంపెనీని 34 కంపెనీలుగా విడగొట్టించింది. ఆ ముక్కల షేర్ల ధరలు పెరిగి, దాన్ని స్థాపించిన రాక్‌ఫెల్లర్ ఇంకా ధనవంతుడయ్యాడు. ముక్కలు చేసినా, ఏ ముక్కలోనూ నిర్ణయం తీసుకునే కుర్చీ పనివాళ్లకు దక్కలేదు.

అందుకే నా లెక్క ప్రకారం మార్పు నిర్ణయాలు తీసుకునే ఆ గదిలోనే మొదలవ్వాలి. జర్మనీలో 1976 చట్టం ప్రకారం 2,000 మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక బోర్డులో (యాజమాన్యం పనిని పైనుంచి చూసే బోర్డు) సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవే. ఓట్లు సమానమైతే బోర్డు అధ్యక్షుడికి రెండో ఓటు ఉంటుంది, ఆయన మామూలుగా యాజమాన్యం వైపు మనిషే, కాబట్టి పూర్తి సమానం అనలేం. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1956లో మొదలైన మోండ్రగాన్ సహకార సంఘాలు ఇంకా ముందుకెళ్లాయి. అక్కడ సభ్యులైన పనివాళ్లే యజమానులు, మనిషికొక ఓటు. 2013లో వాళ్ల ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల కంపెనీ ఫాగోర్ దివాలా తీసింది. అప్పుడు చాలామంది సభ్యులకు మిగతా సంఘాల్లో పని చూపించారు. నష్టం అక్కడా వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని ఎవరి నెత్తిన వేయాలో నిర్ణయించేవాళ్లు వేరు.

మా బోర్డులో ఆ యూనిట్ వాళ్లు ఇద్దరున్నా ఆ రెండు ఫైళ్లూ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు. ఆయన నన్నడిగిన ప్రశ్న అక్కడే, సంతకాలకు ముందే, లెక్కలు చేతిలో పట్టుకుని అడిగేవాళ్లు.