టెక్ సందేహాలు: క్లిక్ డ్రమ్మరుకే, పాట జనానికి

ప్రశ్న: మాది గాజువాక. ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. కొన్ని పాటలకు ల్యాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని, దానితో కలిసి వాయించాల్సి వస్తోంది. లయ తప్పకుండా ఉండడానికి టక్ టక్ మని తాళం చూపే క్లిక్ కావాలి. అది నా హెడ్‌ఫోన్లో మాత్రమే వినిపించాలి, స్పీకర్లలో రాకూడదు. ఖరీదైన ఆడియో ఇంటర్‌ఫేస్ కొనకుండా కుదురుతుందా?

కుదురుతుంది. మీ ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లోనే అందుకు దారి ఉంది. స్టీరియో అంటే ఒకే వైరులో నడిచే రెండు దారులు. 1931లో ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంజినీరు దానికి పేటెంటు కోరినప్పుడు, శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో వినేవారికి తెలియాలన్నది ఆయన ఆలోచన. మీకు దిక్కుతో పని లేదు. ఎడమ దారిలో క్లిక్‌ను, కుడి దారిలో పాటను పంపి, ఆ రెండూ ఎక్కడా కలవకుండా చూసుకుంటే చాలు.

ముందు ఫైలు సంగతి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ తెరిచి, ట్రాక్స్ మెనూలోని మిక్స్‌లో దాన్ని మోనోగా, అంటే రెండు దారులూ ఒకటయ్యేలా మార్చండి. జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్ ఎంచుకుని పాట వేగం ఇస్తే క్లిక్ తయారవుతుంది. క్లిక్ ట్రాక్ ప్యాన్ మీటను పూర్తిగా ఎడమకు, పాట మీటను పూర్తిగా కుడికి జరపండి. పాట మొదలుకు ముందు నాలుగు క్లిక్‌లు వచ్చేలా పాట కాస్త ఆలస్యంగా మొదలయ్యేలా జరిపితే ఎత్తుగడ అందరికీ సుళువు. పాత సినిమా పాటల విషయంలో మాత్రం ఓపిక కావాలి. అవి వాద్యబృందమంతా కూర్చుని వాయించినవి, వేగం ఊపిరిలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకే వేగపు క్లిక్ రెండో చరణానికల్లా పక్కకు పోతుంది. అలాంటి పాటకు వింటూ మీరే కర్రలతో కొట్టి, దాన్నే క్లిక్‌గా రికార్డు చేసుకోండి.

ఫైలును వేవ్‌గానే భద్రపరచండి. నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది, పట్టనివ్వండి. తక్కువ బిట్ రేటులో ఎంపీ3 చేస్తే రెండు చానళ్లను కలిపి కుదించే పద్ధతి వల్ల క్లిక్ ఛాయ పాటలోకి దిగవచ్చు. క్లిక్ స్థాయిని కూడా పాట కంటే తగ్గించి ఉంచండి. చాలా ల్యాప్‌టాప్ జాక్‌లలో ఒక చానల్ శబ్దం రెండోదానిలోకి కొంచెం ఒలుకుతుంది. ఎంత పెద్ద క్లిక్ పంపితే అంత ఒలుకుతుంది.

ఇక వైరు. డాబా గార్డెన్స్‌లోనో జగదాంబ దగ్గరో ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఒక చివర చిన్న స్టీరియో పిన్ను, రెండో చివర రెండు పెద్ద మోనో పిన్నులు ఉన్న వై కేబుల్ అడగండి. పెద్ద పిన్నును చాలా దుకాణాల్లో పీ38 అంటారు. కొనే ముందు నల్ల గీతలు లెక్కపెట్టండి. చిన్న పిన్నుకు రెండు, పెద్ద పిన్నులకు ఒక్కొక్కటే ఉండాలి. పైకి ఇలాగే కనిపించి, లోపల రెండు చానళ్లనూ కలిపేసే కేబుళ్లు కూడా అమ్ముతారు. మీ ఫైలు ఫోనులో వేసుకుని వెళ్లి, అక్కడే పరీక్షించి తెచ్చుకోండి.

వై కేబుల్ కుడి కాలును, అంటే పాట వచ్చే పెద్ద పిన్నును, డీఐ బాక్సులో (శబ్దాన్ని మైకు వైరులో హమ్మింగ్ లేకుండా పంపేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కడి నుంచి మైకు వైరుతో సౌండ్ వాళ్ల మిక్సర్‌కు ఇవ్వండి. ఈ వై కేబుల్‌ను నేరుగా ముప్పై అడుగులు లాగితే గుయ్యిమనే హమ్మింగ్ పట్టుకుంటుంది. ఎడమ కాలును మీ పక్కన పెట్టుకునే చిన్న మిక్సర్లో మొదటి చానల్‌కు ఇవ్వండి, ప్యాన్ నడిమధ్యన ఉంచండి. క్లిక్ రెండు చెవుల్లోనూ వినిపిస్తుంది. అదే మిక్సర్ రెండో చానల్‌కు సౌండ్ ఆయన్ను అడిగి ఒక మానిటర్ లైను తెచ్చుకోండి. గాయకుల గొంతు, ట్రాక్, కీబోర్డు అందులో వస్తాయి. ఈ చిన్న మిక్సర్ నుంచి హెడ్‌ఫోన్ తప్ప మరే వైరూ బయటకు వెళ్లకూడదు. నేను ఈ ఏర్పాటునే గట్టిగా సమర్థించడానికి కారణం అదే. హడావుడిలో ఎవరు ఏ మీట తిప్పినా ఈ మిక్సర్ నుంచి క్లిక్ జనంలోకి వెళ్లే దారే ఉండదు.

ఆర్కే బీచ్ దగ్గర ఒక సాయంత్రం కచేరీలో ఈ జాగ్రత్త లేక ఒక మెలొడీ పాట పొడుగునా టక్ టక్ అని స్పీకర్లలో వినిపించింది. పాడుతున్న అమ్మాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆమె తప్పు ఏమీ లేదు.

ఈ ఏర్పాటు ఉన్నా క్లిక్ బయటకు రావడానికి సాధారణంగా మూడు కారణాలు. మొదటిది, ఫోనులో గానీ కంప్యూటర్లో గానీ మోనో ఆడియో అనే సెట్టింగ్ ఆన్ అయి ఉండడం. అది రెండు దారులనూ ఒకటి చేసేస్తుంది. సరౌండ్ ఎఫెక్టులూ అంతే, అన్నీ ఆపేయండి. రెండోది, పిన్ను సగం దిగడం. మూడోది మన ఊరి ఉప్పు గాలి. సాకెట్ లోపల తుప్పు చేరి గ్రౌండు సరిగా అంటకపోతే ఎడమది కుడిలోకి వచ్చేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఒకటి డ్రమ్స్ సంచిలో ఉంచుకోండి. కళాభారతి ఆడిటోరియంలో అయినా, వీధి వినాయక పందిట్లో అయినా, కార్యక్రమానికి ముందు క్లిక్ ఒక్కటే పెట్టి, స్పీకరు పెట్టె ముందు ఒకరిని నిలబెట్టి, అది వినిపిస్తోందేమో అడగండి.

ఒక మాట మీ చెవుల గురించి. డ్రమ్స్ మోతను దాటి క్లిక్ వినాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోవద్దు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 100 దగ్గర అది పావుగంటే. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ తీసుకుంటే బయటి మోత తగ్గి, క్లిక్ చిన్నగా ఉన్నా స్పష్టంగా వినిపిస్తుంది. డబ్బు పెట్టదలిస్తే మిక్సర్ కంటే ముందు దీని మీద పెట్టండి.

ప్రశ్న: ఫోను నుంచి స్టీరియో వైరును మా గుడి మిక్సర్ పెద్ద జాక్‌లో నేరుగా పెడితే పాటలో గొంతు మాయమైపోతోంది, వెనుక సంగీతం మాత్రం డొల్లగా వస్తోంది. ఫోను పాడైందా? – మద్దిలపాలెం నుంచి ఒక భజన బృందం సభ్యురాలు

లేదమ్మా, ఫోను బాగానే ఉంది. ఆ జాక్ బ్యాలెన్స్‌డ్ రకం. అది పిన్ను మొన మీద వచ్చే శబ్దం లోంచి, నడుమ ఉన్న పట్టీ మీద వచ్చే శబ్దాన్ని తీసివేస్తుంది. మైకు వైరులో దారిలో చేరిన హమ్మింగ్‌ను పోగొట్టడానికి చేసిన ఏర్పాటు అది. మీ వైరులో ఆ రెండూ ఎడమ, కుడి చానళ్లు. గాయకుల గొంతు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో సున్నా అయిపోతుంది. పైన చెప్పిన వై కేబుల్ తెచ్చి రెండు చానళ్లలో పెట్టండి, గొంతు తిరిగి వస్తుంది.

ప్రశ్న: బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో క్లిక్ వినవచ్చా? – సింహాచలం నుంచి ఒక కీబోర్డు విద్యార్థి

వద్దు. సాధారణ బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 వేగంలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. వైరు హెడ్‌ఫోన్ కొనుక్కోండి. ఫోనుకు జాక్ లేకపోతే టైప్ సీ అడాప్టర్ చాలు.