ఒమేగా సీమాస్టర్ చేతికి పెట్టుకుని తాపీ పని, డ్రిల్లింగ్ చేయొచ్చా?

2018 తర్వాత వచ్చిన సీమాస్టర్ డైవర్ 300ఎం కొన్నానని, సొంత ఇంటి పనిలో మేస్త్రీలతో పాటు మీరూ చెయ్యి వేస్తున్నానని రాశారు. వాచీ తీయకుండా పని చేయొచ్చా అన్నది మీ ప్రశ్న. పార, గమేళా, తాపీ, చేతి రంపం వరకు నిక్షేపంగా పెట్టుకోండి. హ్యామర్ డ్రిల్లు, బ్రేకర్, గ్రైండర్, లేత్, బండి బ్యాటరీ పని పడితే మాత్రం తీసి పక్కన పెట్టండి. కారణాలు తెలిస్తే నేను ఇక్కడ రాయని పనుల సంగతి కూడా మీరే తేల్చుకోవచ్చు.

వాచీ కంటే ముందు చెయ్యి గురించి. స్టీలు చైను తెగదు, ప్రమాదమంతా అందులోనే ఉంది. తిరుగుతున్న చక్‌లో (డ్రిల్లు, లేత్‌లో బిట్టునో ముక్కనో బిగించే భాగం) చైను చిక్కిందంటే దాంతో పాటే చెయ్యీ లోపలికి పోతుంది. బ్యాటరీ పని ఇంకో రకం. పాజిటివ్ టెర్మినల్ మీద స్పానర్ పెట్టినప్పుడు చైను ఒక పక్క స్పానర్‌కి, ఇంకో పక్క బండి బాడీకి తగిలితే చాలు, వందల ఆంపియర్లు చైను గుండా పోతాయి. 12 వోల్టులకు షాక్ కొట్టదన్న మాట నిజమే. కానీ చైను క్షణంలో కాలిపోయి, మణికట్టు చుట్టూ కడియంలా బొబ్బలు లేస్తాయి. కరెంటు ఉన్న భాగాలు తగిలే చోట లోహపు వాచీ చైన్లు వద్దని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లోనే ఉంది.

ఇక వాచీ. డబ్బా మీద షాక్ రెసిస్టెంట్ అని ఉంటే అందరూ సుత్తి దెబ్బలకు తట్టుకుంటుందనుకుంటారు. ఆ మాటకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 1413 పరీక్షలో వాచీకి తగిలే దెబ్బ, మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినప్పుడు తగిలే దెబ్బతో సమానం. అది కూడా 9 అంకె వైపు నుంచి ఒకటి, గ్లాసు మీద ఒకటి. ఆ తర్వాత టైము తేడా రోజుకు 60 సెకన్లలోపు ఉంటే పాసైనట్టే. మామూలు హ్యామర్ డ్రిల్లు నిమిషానికి 4,000 పైచిలుకు దెబ్బలు కొడుతుంది. ఒక్కో దెబ్బ చిన్నదే, కానీ లెక్క చూడండి. అటూ ఇటూ ఊగుతూ వాచీ టైమును నడిపే బ్యాలెన్స్ చక్రం నిలబడే ఇరుసు కొసలు దాదాపు వెంట్రుక మందంలో ఉంటాయి. వాటిని కాపాడే షాక్ స్ప్రింగు అప్పుడప్పుడూ తగిలే దెబ్బ కోసం పెట్టింది, గంటల తరబడి వణుకు కోసం కాదు. పైగా షాక్ స్ప్రింగు కాపాడేది ఆ ఇరుసునే. ఆటోమేటిక్ వాచీలో కీ ఇచ్చే బరువైన రోటర్ తన బేరింగు మీద అదురుతూనే ఉంటుంది. మెల్లగా మరలు వదులవుతాయి. ఊడిన మర రోటర్ కింద దూరిందంటే మెకానిజం మీద గీతలు పెట్టుకుంటూ తిరుగుతుంది. ఒక్కరోజు డ్రిల్లింగ్‌తో వాచీ ఆగిపోవడం అరుదు. నెలల తరబడి చేస్తేనే ఇవన్నీ బయటపడతాయి.

కుడి చేత్తో డ్రిల్లు పట్టి వాచీ ఎడమ చేతికి పెట్టుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదండి. పక్క పిడి పట్టేది ఎడమ చెయ్యే. ఉలి, సుత్తి పనికి ఆ ఉపాయం కొంతవరకు పనికొస్తుంది, అదీ సుత్తి గురి తప్పనంత వరకే. మీ మోడల్‌కు గ్లాసు చుట్టూ తిరిగే బెజెల్ రింగు సెరామిక్‌ది. గీత పడదు గానీ అంచు మీద సుత్తి పడితే పెంకులా పగులుతుంది.

గ్రైండర్ దుమ్ము సంగతి చాలామందికి తెలియదు. మీ గ్లాసు సఫైర్, అంటే స్ఫటిక రూపంలో ఉన్న అల్యూమినియం ఆక్సైడ్. కటింగ్ డిస్కుల్లో ఎక్కువగా వాడే రాపిడి గింజలూ అల్యూమినియం ఆక్సైడే. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలతలో కాఠిన్యం రెండింటికీ 9. ఇసుక 7 మాత్రమే కాబట్టి అది గ్లాసును గీయలేదు. అయితే ఈ మోడల్‌లో కాంతి తళుకు తగ్గించే పూత గ్లాసుకు పైవైపూ ఉంది. ఇసుక గీసేది ఆ పూతను. గ్లాసే గీసుకుపోయిందని కంగారు పడొద్దు. గ్రైండింగ్ చేశాక చైను మీద తుప్పు చుక్కలు కనిపించినా భయం లేదు. అవి అతుక్కున్న ఇనుప రజను తుప్పు, బ్రష్ చేస్తే పోతాయి.

వెల్డింగ్ అయస్కాంతం గురించి మీరు దిగులు పడక్కర్లేదు. మీ వాచీలోని 8800 మెకానిజం 15,000 గాస్ (అయస్కాంత బలం కొలత) దాకా పరీక్ష పాసైంది, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు సిలికాన్‌ది. పాత రకం లోహపు హెయిర్ స్ప్రింగు ఉన్న వాచీ అయితే వేరే సంగతి. అయస్కాంతానికి తట్టుకునే వాచీల ఐఎస్ఓ 764 ప్రమాణం 60 గాస్ దాకానే. 200 ఆంపియర్ల వెల్డింగ్ కేబుల్‌కు సెంటీమీటరు దూరంలోనే 40 గాస్ ఉంటుంది. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే వాచీ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పోతుంది. అయస్కాంతత్వం తీసేసే డీమాగ్నెటైజర్ మీద పెడితే సెకన్లలో సరవుతుంది.

నీళ్ల కంటే చెమటే మొండిది. రెంటచింతల ఎండలాంటి ఎండలో పని చేస్తే చైనుకూ కేసుకూ మధ్య, వెనక మూత అంచులో ఉప్పు, మట్టి కలిసి గోధుమ రంగు ముద్దగా పేరుకుంటాయి. గాలి ఆడని ఆ సందులో క్లోరైడు స్టీలును సన్నటి గుంటలుగా తింటుంది. ఆ గుంట నీళ్లను ఆపే రబ్బరు రింగు కూర్చునే చోట పడితే 300 మీటర్ల వాటర్ ప్రూఫ్ అక్కడితో సరి. అందుకే పనయ్యాక, రింగులు బాగున్న వాచీ అయితే, క్రౌన్ (టైము మార్చే పక్క బుడిపె) బిగించి ఉందో లేదో చూసుకుని పంపు నీళ్ల కింద పెట్టి, చుక్క సబ్బు, మెత్తటి టూత్ బ్రష్‌తో చైను సందులు కడగండి. బెజెల్‌ను తిప్పుతూ కడగాలి. క్రౌన్ మరల్లో ఇసుక ఉండగా విప్పితే ఆ మరలు అరిగిపోతాయి, కాబట్టి కడిగి ఆరబెట్టాకే ముట్టుకోండి. సిమెంటు గట్టిపడక ముందే కడగాలి. గట్టిపడితే వాచీ మెకానిక్ చేత బెజెల్ విప్పించండి. టైల్స్ కడిగే యాసిడ్ మాత్రం దరిదాపుల్లో ఉండకూడదు, దాని ఆవిరి చాలు స్టీలు పాడవడానికి. థిన్నర్, పెట్రోలు పడితే రబ్బరు రింగులు ఉబ్బుతాయి.

వాచీ పోగొట్టుకునేది ఎక్కువగా స్ప్రింగ్ బార్ దగ్గర, అంటే చైనును కేసుకు పట్టి ఉంచే పిన్ను దగ్గర. సన్నటి గొట్టం, లోపల చిన్న స్ప్రింగు, రెండు కొసల్లో మిల్లీమీటరు లావు ముక్కులు, అంతే. గొట్టంలోకి మట్టి, చెమట చేరితే స్ప్రింగు తుప్పు పట్టి ముక్కు పూర్తిగా బయటికి రాదు. అప్పుడు గ్లవ్ లాగి తీస్తుంటేనే వాచీ జారిపోతుంది. పని రోజుల్లో చైను తీసి 20 ఎంఎం నేటో బెల్టు వేసుకోండి. ఒకే పట్టీ రెండు పిన్నుల కిందుగా పోతుంది కాబట్టి ఒక పిన్ను ఊడినా వాచీ చేతికే వేలాడుతుంది. ఏడాదికోసారి పిన్నులు మార్చండి, నీళ్లు లోపలికి పోతాయేమో చూసే ప్రెషర్ టెస్టూ చేయించండి.

రోజూ ఒకే వేళకు ఫోన్ టైముతో పోల్చి రాసుకోండి. మీ వాచీకి ఉన్న మాస్టర్ క్రోనోమీటర్ అనే కచ్చితత్వపు ధ్రువీకరణ పరిమితి రోజుకు 0 నుంచి 5 సెకన్లు ముందుకు. మీరు రాసుకున్న తేడా ఒక్కసారిగా పది పదిహేను సెకన్లు మారినా, చెయ్యి ఊపితే లోపల గరగర వినిపించినా సర్వీసుకు ఇవ్వండి. గ్లాసు లోపల ఆవిరి పడితే ఎండలో ఆరబెట్టకుండా అదే రోజు తీసుకెళ్లండి.

డ్రిల్లు పనికి టైము చూసుకోవాలంటే కాసియో వాళ్ల జి-షాక్ వాచీ ఉంది. 1983లో కాసియో ఇంజనీరు కికువో ఇబె దాన్ని తయారుచేసిందే 10 మీటర్ల నుంచి పడినా ఆగకూడదని. అయినా లేత్, గ్రైండర్ దగ్గర అదీ తీసేయాల్సిందే. తీసిన సీమాస్టర్‌ను మరలు, మేకులు ఉన్న జేబులో వేయకుండా, మూత ఉన్న చిన్న డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టండి.