చక్కెర ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, వాటితో ఉస్మానియా బిస్కెట్లు, సాయంత్రం ఓ కూల్‌డ్రింక్ మామూలే. ఏడాదిగా ఒకటే నీరసం, జుట్టు కూడా తెల్లబడుతోంది. చక్కెర ఎక్కువగా తింటే ఒంట్లో రాగి తగ్గిపోతుందని ఒక వీడియోలో చూసి రాగి మాత్రలు తెప్పించాను. రాగి బాటిల్లో నీళ్లు తాగుతున్నాను. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన జింక్ మాత్ర (50 మి.గ్రా.) ఇప్పటికీ వేసుకుంటున్నాను. రాగి మాత్రలు వాడొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఇప్పుడే వాడకండి. మీరు చక్కెరను అనుమానిస్తున్నారు కానీ, నా అనుమానమంతా ఆ జింక్ మాత్ర మీదే.

ముందు చక్కెర సంగతి. వీడియోలో చెప్పింది పూర్తిగా కట్టుకథ కాదు. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్ ఉంటాయి. రాగి తక్కువగా ఉన్న ఆహారం పెట్టిన ఎలుకలకు ఫ్రక్టోజ్ కూడా దండిగా ఇస్తే, గంజి పదార్థాలు (స్టార్చ్) తిన్న ఎలుకల కంటే వాటిలో రాగి లోపం బాగా ముదిరింది. గుండె కూడా దెబ్బతింది. మగ ఎలుకల మీద ప్రభావం మరీ ఎక్కువ. అయితే ఆ ఎలుకల తిండిలో సగానికి పైగా చక్కెరే! మీ నాలుగు చాయ్‌లను దానితో పోల్చలేం. మనుషుల్లో ఆధారాలు తక్కువ, అవీ రాగి అంతంతమాత్రంగా ఉన్న ఆహారంతో చేసిన పరీక్షలవి. తెల్ల చక్కెరలో రాగి దాదాపు ఉండదు కాబట్టి, పల్లీలు, పప్పులు తినాల్సిన చోట బిస్కెట్లతో కడుపు నింపుకుంటే ఆ మేరకు రాగి తగ్గడం మాత్రం నిజం.

ఇక జింక్. పెద్దవాళ్లకు తిండి, మాత్రలు అన్నీ కలిపి రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు మించి నెలల తరబడి వాడితే, పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది జింక్ కంటే రాగినే గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి కూడా మలంలో పోతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బులో జింక్‌ను మందుగా ఇచ్చేది ఇందుకే. అలాంటి మందును మీరు ఏ జబ్బూ లేకుండా ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు. డాక్టర్ రాసిచ్చింది కాకపోతే మానేయండి. రాసిచ్చి ఉంటే వారినే అడగండి.

రాగి నిజంగా తగ్గితే రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు రావొచ్చు. అచ్చం బి12 లోపంలాగే ఉండి డాక్టర్లను కూడా బోల్తా కొట్టిస్తుంది. అందుకే ముందు సీబీపీ (రక్తకణాల లెక్క), బి12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. మీరు ఇంతకాలం జింక్ వాడారు కాబట్టి వాటితోపాటే సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్) కూడా చూడమనండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రాగి అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే రక్తం ఇవ్వండి. చిన్న వయసులో జుట్టు నెరవడం చాలామందిలో వంశపారంపర్యం. అది చూసి రాగి లోపమని తేల్చలేం.

పెద్దవాళ్లకు రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము రాగి చాలు. నువ్వులు, జీడిపప్పు, పల్లీలు, శనగల్లో బాగానే దొరుకుతుంది. మాంసాహారులైతే అప్పుడప్పుడు మేక కార్జం తింటే సరి. రాగి బాటిల్లో మామూలు నీళ్లు పోసుకోండి, ఫర్వాలేదు. నిమ్మరసం, మజ్జిగ మాత్రం అందులో పోయకండి. పులుపుకు రాగి ఎక్కువగా కరిగి వాంతులు, కడుపునొప్పి తెస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా విల్సన్స్ జబ్బు ఉంటే రాగి మాత్రల జోలికే వెళ్లొద్దు.

చాయ్ మానమని హైదరాబాదీకి చెప్పి ప్రయోజనం లేదని నాకు తెలుసు. కప్పుకు రెండు చెంచాల లెక్కన నాలుగు కప్పులకే 35 గ్రాముల దాకా చక్కెర అవుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 50 గ్రాముల లోపు, వీలైతే 25 లోపు ఉండాలంటోంది. మీకైతే కూల్‌డ్రింక్ మానడమే తేలిక. రాగి కోసం కాకపోయినా కాలేయానికి కొవ్వు పట్టకుండా, షుగర్ రాకుండా అది అవసరం. తిమ్మిర్లు గానీ తూలుడు గానీ ఇప్పటికే ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా న్యూరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు ఆ జింక్ డబ్బా వెంట తీసుకెళ్లండి.