బల్ల మీద ఆటకూ తెర మీద ఆటకూ మధ్య నా ఊగిసలాట

వీడియో గేమ్‌లలో రోల్ ప్లేయింగ్ ఆటలంటే, అంటే ఒక పాత్రలో దూరి కథ నడిపే ఆటలంటే ఇష్టమనీ, అదే సరదా కోసం బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆటలోకి దిగవచ్చా అనీ అడిగారు. దిగండి. అయితే అదే సరదా దొరుకుతుందని మాత్రం దిగకండి. పన్నెండేళ్లుగా రెండూ ఆడుతున్నాను. అందులో ఎనిమిదేళ్లు బల్ల దగ్గర కథ చెబుతూ ఆట నడిపించే గేమ్ మాస్టర్‌ని నేనే. ఇప్పటికీ ఒకటి ఆడుతూ ఉంటే మనసు రెండోదాని మీదకే పోతుంది.

రెండింటికీ చుట్టరికం ఉన్న మాట నిజమే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటల్లో నుంచి పుట్టిన ఆట అది. సైన్యాన్ని నడిపే బదులు ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రను పట్టుకున్నాడు. మీరు తెర మీద చూసే లెవెళ్లు, అనుభవ పాయింట్లు ఆ కాగితాల మీద నుంచి వచ్చినవే. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ అయితే ఆ ఆట ఐదో ఎడిషన్ నియమాల మీదే నడుస్తుంది. సంభాషణ మధ్యలో ఇరవై ముఖాల పాచిక తెర మీద దొర్లుతుంది కూడా.

నా పేచీ మొదలైంది ఆ పాచిక దగ్గరే. ఒక కాపలాదారును మాటలతో ఒప్పించాలి. 15 గానీ అంతకు పైన గానీ పడాలి, అంటే 30 శాతం అవకాశం. 4 పడింది. సేవ్ చేసిన చోటికి వెనక్కి వెళ్లాను. 11. మళ్లీ వెనక్కి. 9. నాలుగోసారి 17. నాలుగు ప్రయత్నాలు ఇస్తే ఆ 30 శాతం కాస్తా 76 అవుతుంది, ఆరు ఇస్తే 88. కాపలాదారు తలుపు తీశాడు గానీ, తాళంచెవి మొదటి నుంచీ నా జేబులోనే ఉన్నట్టు అనిపించింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు లెండి, తప్పు నాదే. వెనక్కి వెళ్లే వీలు లేకుండా ఒకే సేవ్‌తో సాగే హానర్ మోడ్ కూడా అందులో ఉంది. అదీ ఆడాను. చేతులకు చెమటలు పట్టాయి. చివరికి నా జట్టంతా చచ్చిపడి ఉంటే, అయ్యో అనడానికి గదిలో ఇంకెవరూ లేరు.

బల్ల దగ్గర సంగతి వేరు. ఒక సాయంత్రం దొంగ పాత్ర వేస్తున్న మిత్రుడు విరిగిన వంతెన మీద నుంచి దూకాలి. పాచిక దొర్లి దొర్లి నియమాల పుస్తకం అంచుకు ఆనుకుని ఒరిగి ఆగింది. ఇటు చూస్తే 19, అటు చూస్తే 1. ఐదుగురం తలలు వంచి చూశాం. ఒరిగిన పాచికను మళ్లీ వేయాల్సిందేనని మేం ముందే అనుకున్న మాట. వేశాడు. 1. దొంగ నదిలో పడ్డాడు.

నది గురించి నేనేమీ రాసుకోలేదు. మూడు వారాలు కూర్చుని గీసిన కోట పటం సంచిలో ఉంది. అతన్ని ఎవరో ఒకరు బయటికి లాగాలి కాబట్టి ఒక పడవవాడిని తెచ్చాను. పడవలో ఏముందని అడిగారు. వల, చిన్న పిల్ల చెప్పుల జత అని నోటికి వచ్చింది చెప్పాను. చెప్పులు ఎవరివని అడిగారు. చిక్కంతా ఆ ప్రశ్నతోనే వచ్చింది. పడవవాడికి ఒక కూతురు, ఆమె కనిపించకుండా పోయిన రాత్రి, ఆ రాత్రి రేవులో ఆగిన కొత్త పడవ, అన్నీ అప్పటికప్పుడు పుట్టుకొచ్చాయి. కోట పటం సంచిలో నుంచి బయటికి రానే లేదు. వీడియో గేమ్ ఎంత పెద్దదైనా ఎవరో ముందుగా రాసిపెట్టిన జవాబులోనే మీరు నడవాలి. ఆ రోజు నా దగ్గర జవాబే లేదు, అందుకే ఆట అంత బాగా నడిచింది.

ప్రతి సాయంత్రం ఇలా ఉంటుందనుకుంటే మోసపోతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో పోరాటంలో ఒక రౌండ్, అంటే అందరి వంతూ ఒకసారి పూర్తవడం, కథలో ఆరు సెకన్లు. ఐదు రౌండ్లు, అంటే అర నిమిషం పోరాటం, మాకు గంటన్నర పట్టిన రోజులున్నాయి. ఒకరు మంత్రం వివరాలు వెతుకుతారు, ఒకరు కూడిక తప్పు చేస్తారు, తన వంతు దూరంగా ఉన్నవారు ఫోను తీస్తారు. అదే పోరాటం కంప్యూటర్‌లో పది నిమిషాల్లో తేలిపోతుంది. లెక్కల పని యంత్రానికే వదలాలి, ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. అందరి మాటలకూ అడ్డం పడే మనిషి జట్టులో ఒక్కడున్నా చాలు, మిగతా వారికి నీరసం. ఇక ఐదుగురికీ ఖాళీ ఉన్న సాయంత్రాన్ని పట్టుకోవడం ఏ డ్రాగన్‌ను చంపడం కన్నా కష్టం.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, "ఈ వారం కుదరదు" అని ఎవరైనా సందేశం పంపితే పైకి నిట్టూరుస్తాను, లోపల మాత్రం ఎక్కడో హాయిగా ఉంటుంది. ఆ రాత్రి సిద్ధం చేయాల్సింది ఏమీ ఉండదు. బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో ఆటలో ఉంటాను, విసుగొస్తే మధ్యలో ఆపేస్తాను, ఎవరికీ జవాబు చెప్పనక్కర లేదు. మూడు గంటలయ్యాక ఆ జవాబు చెప్పనక్కర లేకపోవడమే వెలితిగా తోస్తుంది.

మీరు నెలల తరబడి సాగే కథతో మొదలుపెట్టకండి. ఒక్క సాయంత్రంలో ముగిసే చిన్న ఆట, ముందే తయారుచేసిన పాత్రలు, ముగ్గురు నలుగురు మనుషులు చాలు. వీడియో గేమ్ నుంచి వచ్చేవారికి ఒక అలవాటు ఉంటుంది, నాకూ ఉండేది. మొదటి రోజు నా వంతు రాగానే "నాకేం ఆప్షన్లు ఉన్నాయి?" అని అడిగాను. గేమ్ మాస్టర్ ఏమీ చెప్పలేదు, నా వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం కాసేపు ఇబ్బంది పెడుతుంది. పెట్టనివ్వండి.

మా జట్టు చివరిసారి కలిసి నాలుగు నెలలైంది. ఈలోగా తెర మీద ఒక ఆటలో డెబ్బై గంటలు గడిపాను. నిన్న రాత్రి అందులో ఒక రేవు దగ్గరికి చేరాను. నీటి మీద వెన్నెల ఎంత అందంగా గీశారో! పడవ ఒకటి ఊగుతోంది, గట్టున ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ రెండుసార్లు తిరిగాను. మాట్లాడే బటన్ రాలేదు, అలంకారానికి పెట్టిన మనిషి. వచ్చే వారం అందరికీ కుదిరిందట. పడవవాడి కూతురికి నేనింకా పేరు పెట్టలేదు.