ఎక్సెల్‌లో చివరి అంకెలు సున్నాలెందుకు అవుతున్నాయి?

ప్రశ్న: నేను లెక్కల టీచర్‌ని. 193707721ని 761838257287తో గుణిస్తే 147573952589676412927 వస్తుందని పుస్తకంలో ఉంది. ఎక్సెల్‌లో వేస్తే 147573952589676000000 అంటోంది. పిల్లలకి ఏది చూపించాలి?

మాస్టారూ, పుస్తకమే కరెక్టు. రెండిటి చివరి అంకెలు 1, 7, గుణిస్తే 7, మరి జవాబు చివర సున్నా ఎలా వస్తుంది చెప్పండి? ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. 16 అంకెల అకౌంట్ నంబర్ మామూలు సెల్‌లో కొట్టినా చివరి అంకె ఇలాగే పోతుంది, సేవ్ చేశాక ఇక తిరిగి రాదు, కాబట్టి కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టుకోండి.

గుణకారానికైతే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడండి, ఫోన్‌లో పైడ్రాయిడ్ యాప్ చాలు. 2**67-1 అని కొట్టండి (రెండు చుక్కగుర్తులంటే ఘాతం, 67 రెండులు గుణించి 1 తీసేయడం), మీ సంఖ్యే 21 అంకెలతో వచ్చేస్తుంది. అదే 2.0**67-1 అని కొట్టారనుకోండి, ఆ ఒక్క చుక్కతో లెక్క దశాంశాల పద్ధతికి మారిపోతుంది, అందులో 53 బిట్లే (బైనరీ అంకెలే) పడతాయి, ఒకటి తీసేసిన సంగతే నిలవదు, బేసి సంఖ్య కాస్తా సరి సంఖ్య అయిపోతుంది. పిల్లల ముందు రెండూ పక్కపక్కనే చేసి చూపించండి.

ఈ సంఖ్య కథ కూడా చెప్పండి, నాకు చాలా ఇష్టం. 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్య అన్నాడు. 1876లో గణితవేత్త లూకాస్ కాదని తేల్చాడు, కానీ ఒక్క కారణాంకం కూడా చూపించలేదు! అవి బయటపడింది 1903 అక్టోబర్‌లో, న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో. గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డు మీద ఒకపక్క 2⁶⁷-1, ఇంకోపక్క మీరడిగిన గుణకారం వేసి, మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడని చెప్పుకుంటారు. దీని కారణాంకం ఏదైనా సరే 134తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే, 193707721లోంచి 1 తీసేసి 134తో భాగించమనండి, సరిగ్గా 1445580 వస్తుంది.

ప్రశ్న: కారణాంకాలు దొరక్కుండా కాంపోజిట్ (ప్రధాన సంఖ్య కానిది) అని ఎలా తెలుస్తుంది? అంత ఈజీ అయితే బ్యాంకు సైట్ల తాళాలు తెరిచేయొచ్చు కదా?

పై సంఖ్యని ఎన్ అనుకోండి. 3ని (ఎన్-1) సార్లు గుణించి ఎన్‌తో భాగిస్తే శేషం ఎంతో పైథాన్‌లో పౌ (pow) ఫంక్షన్ కన్ను మూసి తెరిచేలోగా చెప్పేస్తుంది. ఎన్ ప్రధాన సంఖ్య అయితే 1 రావాలి, రాదు, అంతే, కాంపోజిట్ అని తేలిపోయింది. 3 బదులు 2 పెట్టారో మోసపోతారు, ఈ రకం సంఖ్యలకి అది ఎప్పుడూ 1 అనే అంటుంది.

తాళం సంగతి వేరండీ. సైట్ల తాళాలకి వాడే ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిలో, కీలో ఉండే పెద్ద సంఖ్య కాంపోజిట్ అని అందరికీ ముందే తెలుసు, దాంట్లో దాపరికమేం లేదు, దాచేది ఆ రెండు కారణాంకాలనే. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యని 2020లో విడగొట్టారు, దానికే కంప్యూటర్ ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీద లెక్కేస్తే దాదాపు 2700 ఏళ్లు పట్టేంత పని. సైట్లలో వాడే 2048 బిట్ల కీ అంటే 617 అంకెలు.