మిక్స్ మొత్తం మళ్లీ మొదలుపెట్టాలా?

ప్రశ్న: భక్తి పాట ఒకటి నెలల తరబడి మిక్స్ చేస్తున్నాను. విడివిడిగా రికార్డు చేసి కలపాల్సిన ట్రాకులు 48. ఎంత దిద్దినా గొంతు ముద్దగానే వినిపిస్తోంది. వదిలేసి కొత్తగా మొదలుపెట్టమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తొందరపడకండి. ముందు ప్రాజెక్టును వేరే పేరుతో సేవ్ చేసి, ఆ కాపీలో ధ్వనిని మార్చే ప్లగిన్లన్నీ ఆపేయండి. శబ్దస్థాయి మార్చే ఫేడర్లు, ఎడమ–కుడి సర్దే ప్యానింగ్‌తోనే అరగంటలో బ్యాలెన్స్ కుదర్చండి. పాత మిక్స్‌ను దీని స్థాయికి తగ్గించి పోల్చండి. సమం చేయకపోతే గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ప్లగిన్లు లేనిదే బాగుంటే మిక్స్ మాత్రమే కొత్తగా చేయండి, రికార్డింగులు అవే చాలు. వయొలిన్ శ్రుతి తప్పిందా, మృదంగం మైకులోకి గొంతు దూరిందా, అప్పుడు మాత్రం ఆ భాగం మళ్లీ రికార్డు చేయడమే మేలు.

కొత్త ప్రాజెక్టులోకి అసలు రికార్డింగుల వేవ్ ఫైళ్లనే, అన్నీ ఒకేచోట మొదలయ్యేలా తెచ్చుకోండి. పిచ్ కరెక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి దిద్దడం) చేసిన గొంతు వద్దు. ఆ దిద్దుబాటు గట్టిగా పడితే గమకాలు మెట్లు మెట్లుగా విరిగిపోతాయి, భక్తి పాటకు అంతకంటే నష్టం లేదు. మొదట గొంతు, మృదంగం, తంబురా మాత్రమే పెట్టండి. అన్నీ కలిసే మాస్టర్‌లో పీక్ (అత్యధిక స్థాయి) మైనస్ 6 డీబీ (డెసిబెల్స్) దాటనివ్వకండి. ముద్దతనం ఎక్కువగా 200–500 హెర్ట్జ్ పౌనఃపున్యాల మధ్య పేరుకుంటుంది. గొంతును పెంచేముందు వెనక సాగే కీబోర్డు ప్యాడ్‌ను అక్కడ 3 డీబీ తగ్గించి వినండి.