ఫైబర్‌గ్లాస్ ట్రైలర్‌కు చలికాలంలో కవర్ వేయాలా?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఇంటి పక్కన ఆరుబయట నిలిపే 13 అడుగుల స్కాంప్‌కు (కారు వెనుక తగిలించుకుని వెళ్లే చిన్న ఫైబర్‌గ్లాస్ క్యాంపింగ్ ట్రైలర్) నీలం టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగిస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. గాలికి టార్పాలిన్ కొట్టుకున్నప్పుడల్లా దాని కింద చిక్కిన దుమ్ము ఉప్పు కాగితంలా జెల్‌కోటును, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పై పూతను, రుద్దుతుంది. వసంతంలో విప్పి చూస్తే మూలల దగ్గర, తాడు ఒరిసిన చోట మెరుపు పోయి తెల్లటి చారలు కనిపిస్తాయి. పైగా దాని కింద గాలి ఆడదు, తేమ నిలిచి బూజు పడుతుంది.

మీ బండి అచ్చులో పోసిన రెండు పెద్ద ఫైబర్‌గ్లాస్ డొప్పలను నడుము దగ్గర కలిపి చేసినది. పైకప్పుకు అతుకులు లేవు కాబట్టి మంచు దాని ఒంటికి పెద్దగా హాని చేయదు. నీరు దిగేది రంధ్రాల దగ్గరే: పైకప్పు వెంట్ చుట్టూ, కిటికీల అంచుల్లో, రివెట్ల దగ్గర. ముందు అక్కడ నీరు దిగకుండా పూసిన సీలెంట్‌ను వేలితో నొక్కి చూడండి. ఎండి పగిలి ఉంటే గీకేసి కొత్తది వేయండి. తర్వాత బండిని బాగా కడిగి, పడవలకు వాడే వ్యాక్స్ పట్టించండి. నన్నడిగితే, ఇంత చేశాక కవర్ లేకుండానే ఉంచవచ్చు. మంచు పేరుకుంటే మెత్తటి చీపురుతో తోసేయండి, పార మాత్రం వాడకండి.

చెట్ల కింద నిలుపుతున్నా, ఒకే వైపు రోజంతా ఎండ కొడుతున్నా గాలి ఆడే బట్టతో, బండి కొలతకు కుట్టిన కవర్ కొనండి. పదునైన అంచులకు పాత దుప్పటి ముక్కలు చుట్టి, పొడిగా ఉన్న రోజు చూసి కప్పండి. నీటి గొట్టాలు ఖాళీ చేసి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా కాపాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవం ఎక్కించడం మాత్రం కవర్ ఉన్నా లేకున్నా తప్పదు.